ఎస్మే రేడియోలో జోరీగ

బ్లఫ్ రేవులో జూలై అంటే నడి చలికాలం.
దక్షిణపు గాలి నా రేకుల షెడ్డును పట్టుకుని
బాకీ వసూలుకొచ్చినవాడిలా కుదుపుతుంది.
లోపల నేను, యాభై లీటర్ల స్టీలు పీపా,
దాని నెత్తిన నా ఎత్తు రాగి గొట్టం,
పీపా పొట్టలో రెండువేల నాలుగు వందల వాట్లు.
సొంతానికి కాచుకుంటే ఇక్కడ ఎవరూ అడగరు.
అడిగేది వేడి ఒక్కటే,
అదీ ఊరికే వదిలిపెట్టదు.

ముప్పై ఏళ్లు అల్యూమినియం కొలిమిలో ఎలక్ట్రీషియన్ని.
అక్కడ కరెంటు ఏరులా పారేది,
జేబులో తాళంచెవులు నిక్కపొడుచుకునేవి.
అలాంటివాణ్ణి,
ఈ వేలెడంత బిరడా తిప్పడం నేర్చుకోవడానికి
రెండు చలికాలాలు పట్టింది.

మొదట్లో ఉన్నది మామూలు స్విచ్చి.
వేస్తే కుంభవృష్టి, తీస్తే కరువు.
బార్లీ గంజి అడుగంటింది.
పాలు పొంగినట్టు పొంగి
నురగంతా గొట్టం దాటి సీసాలోకి దూకింది.
ఆ మాడు కంపు నా కోటులో ఇంకా ఉంది.

తర్వాత ఈ పెట్టె కట్టుకున్నాను:
పాత కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను,
అల్యూమినియం రెక్కలకు బిగించిన ట్రయాక్,
టోస్టరు నుంచి అరువు తెచ్చిన బిరడా.
సెకనుకు వందసార్లు అది కరెంటు అలను కోస్తుంది,
తల పారేసి తోక మాత్రం లోపలికి పంపుతుంది.
వోల్టేజి సగం చేస్తే వేడి సగం కాదు,
పావు.
ఈ లెక్క పదహారో ఏటే వచ్చు నాకు.
ఇంట్లో గొంతు సగానికి దించితే
ఎంత చల్లబడేదో ఎవరూ చెప్పలేదు.
చెప్పిందేమో మార్నీ,
నా అరుపుల్లో వినబడి ఉండదు.

మొదట దిగేది తాగేది కాదు, కుంచెలు కడగడానికి.
ఆ తర్వాత బిరడాని వెంట్రుకవాసి వెనక్కి తిప్పి
చెవి ఒగ్గి కూర్చుంటాను.
ధార పెన్సిలు ములుకంత ఉండాలి,
అంతకు లావైతే అత్యాశ.

ఒక శనివారం రబ్బరు బూట్లతో ఎస్మే కాల్డర్ వచ్చింది,
పక్కింటావిడ, ఎనభై ఒకటి,
చంకలో రేడియో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు.
"గుర్రాలు చివరి మలుపు తిరగ్గానే
ఇందులో జోరీగ దూరుతోంది.
ఎవడు గెలిచాడో నాకు తెలియడం లేదు.
నీ షెడ్డులో దీపం వెలిగితేనే ఇలా."
నేను కోసి పారేసిన అలల తలలన్నీ
వెళ్లి ఆవిడ చెవిలో పడుతున్నాయన్నమాట.

సిగ్గేసింది. వేరే రకం పెట్టె తెప్పించాను.
ఇది అలని కోయదు,
సున్నా దగ్గర తలుపు తీస్తుంది, సున్నా దగ్గరే మూస్తుంది.
కాసిని అలలు పూర్తిగా లోపలికి, కాసిని పూర్తిగా బయటే.
చప్పుడు లేదు, చాడీలు లేవు.
పిల్లిలా పనిచేస్తుంది.

ఆ శనివారం మూడు కాకముందే తలుపు దబదబా మోగింది.
ఎస్మే. బూట్లు తారుమారు,
చేతిలో కొలిమి ఊచ.
"జోరీగ రాలేదు.
పడిపోయావేమో, కరెంటు కొట్టిందేమో అనుకున్నా."
బతికే ఉన్నానని చూపించడానికి
కాసేపు నిలబడ్డాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.
"ఈసారైనా విన్నావా, ఎవడు గెలిచాడో?"
"ఎక్కడ! గుర్రాలు బయల్దేరుతుంటే
నేను బూట్లు వేసుకుంటున్నాను."

ఇప్పుడు గోడ మీద రెండు పెట్టెలు.
పందెం సాగుతున్నంతసేపూ కొత్తది.
రెండు పందేల నడుమ, ప్రకటనలప్పుడు,
పాతదానికి మారుస్తాను ఒక్క నిమిషం.
మొన్న సీసా మార్చడంలో పడి ఆలస్యమైంది.
కంచె అవతలినుంచి కేక:
"నాలుగోది అయిపోయింది, ఏం చేస్తున్నావక్కడ?"